ఐసు షెడ్డు దుబాసీ

ఫోను వచ్చినప్పుడు నేను తాడేపల్లిగూడెం స్టేషన్లో ఏలూరు వెళ్ళే పాసింజరు కోసం నిలబడి ఉన్నాను. ఎత్తగానే మామ్మగారి కొడుకు గొంతు వినిపించింది.

"అమ్మ చనిపోయిందండి."

"గురువారం మీటింగుంది కదండీ," అన్నాను నేను.

అనేశాక గాని ఏమన్నానో నాకు తెలియలేదు. అతను కోప్పడలేదు. "ఉందండి. మీటింగుంటుందండి. ఆవిడే ఉండదండి," అన్నాడు, నాకు సర్దిచెబుతున్నట్టు. రైలు వచ్చింది, ఆగింది, కదిలింది. నేను ఎక్కలేదు. బెంచీ మీద కూర్చున్నావిడ "ఏవమ్మా, ఇది కాదా మీ బండి?" అని అడిగింది. ఇదేనండి అని చెప్పి అక్కడే నిలబడ్డాను.

ముందు రోజు సాయంత్రమే ఆమె నాకు ఫోను చేసింది. వచ్చేటప్పుడు గూడెంలో ఆవాలు కొని తెమ్మంది. తమ ఊళ్ళో దొరికేవి ఘాటు లేవట, నూరితే కంట్లో నీళ్ళు రావాలట. చావు గురించి గాని, ఒంట్లో బాగాలేదని గాని ఒక్క మాట లేదు. రాత్రి అన్నం తిని చాప మీద ఒరిగిందట. పొద్దున్నే కోడలు టీ తెచ్చి లేపితే లేవలేదట. ఇంత తేలిగ్గా ఒక మనిషి లేకుండా పోవచ్చునని నాకు చదివి తెలుసు గాని, నిజంగా తెలియదు.

ఆమెని కొల్లేటి ఒడ్డున వాళ్ళ ఊళ్ళో అందరూ బెంగాలీ మామ్మ అనేవాళ్ళు. నేను మామ్మగారూ అనేదాన్ని. ఆమె నన్ను, తన మనవరాలి వయసుదాన్ని, అమ్మాయిగారూ అని, మీరు అని పిలిచేది. ఎన్నిసార్లు వద్దన్నా మానలేదు.

మా ఆఫీసు ఏలూరులో ఒక మేడ మీద రెండు గదులు. ఒకే సముద్రం మీద, ఒకే చేపల మీద బతికే రెండు దేశాల జాలర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చెయ్యడం మా పని. మన దేశానికీ బంగ్లాదేశ్‌కీ మధ్య సముద్రంలో ఒక హద్దుంది. చేపలు గుడ్లు పెట్టి పిల్లలయ్యే కాలంలో రెండు దేశాలూ వేట ఆపేస్తాయి. కానీ ఇన్నాళ్ళూ ఆ తేదీలు కలవలేదు. మన పడవలు ఒడ్డున కట్టేసిన కొత్తలో వాళ్ళవి ఇంకా తిరుగుతుంటాయి. వాళ్ళవి కట్టేసి ఉండగానే మనవి మళ్ళీ నీళ్ళలోకి దిగుతాయి. ఒడ్డున కూర్చున్నవాడికి అవతలివాడు తన నోటి దగ్గర కూడు లాక్కుపోతున్నట్టే ఉంటుంది. ఆ తర్వాత హద్దు దగ్గర ఎదురుపడినప్పుడు ఒకరి వలలు ఒకరు కోస్తారు. రెండు వైపులా పడవలు కట్టి ఉండే కొద్ది వారాల్లో మేం కంప్యూటర్లో మీటింగు పెడతాం. వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో రాసుకోవడం నా ఉద్యోగం. నోరు విప్పక్కర్లేదు గనక నాకు సరిపోయింది.

కొల్లేటి ఒడ్డున ఉన్నవాళ్ళకి ఆ సముద్రంతో ఏం పని అంటే, సరస్సులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేశాక మండవల్లి వైపు ఊళ్ళ నుంచి చాలామంది మగవాళ్ళు ఉత్తరాది రేవుల్లో బోట్ల మీద పనికి పోయారు. వేట నిషేధం రోజుల్లో ఇళ్ళకొస్తారు. మామ్మగారి కొడుకు వాళ్ళలో ఒకడు. అదే ఊరి సరంగు, అంటే బోటు నడిపే పెద్దాయన, ఇతన్ని తన బోటు మీద పెట్టుకున్నాడు. నేను ఉద్యోగంలో చేరకముందు ఒకసారి హద్దు దగ్గర గొడవైంది. అవతలివాళ్ళు వల కోస్తుంటే ఆపబోయిన ఇతనికి మోచేతి మీద కత్తి దిగింది. నీళ్ళలో పడ్డాడు. ఖాళీ డీజిలు డబ్బా ఒకటి పట్టుకుని తేలుతుంటే, చీకటి పడేలోగా సరంగు వెతికి పైకి లాగాడు.

మామ్మగారిది పుట్టుకతో బెంగాల్లో ఆ హద్దు దగ్గరి ఊరు. చుట్టాలు సగం అటు, సగం ఇటు. కొల్లేటి చేపలు హౌరాకి తోలే లారీ డ్రైవరు ఒకాయన ఆమెని చేసుకుని ఇక్కడికి తీసుకొచ్చాడు. నలభై ఏళ్ళకి పైగా ఇక్కడే ఉంది. అటువాళ్ళ యాస, ఇటువాళ్ళ భాష రెండూ తెలిసిన మనిషి ఆమె తప్ప మాకు దొరకలేదు. దుబాసీగా వస్తారా అని మా సార్ అడగడానికి వెళ్ళినప్పుడు నేనూ వెళ్ళాను. ఆమె కత్తిపీట ముందు నుంచి లేవకుండానే చెప్పింది.

"మావాడు మళ్ళా ఆ నీళ్ళల్లో పడకూడదండి. నాక్కావాల్సింది అంతేనండి. చేపల సంగతి మీరు చూసుకోండి."

మీటింగు చేపల ప్యాకింగు షెడ్డు మీది గదిలో జరిగేది. ఊళ్ళో నెట్టు సరిగ్గా వచ్చేది అక్కడే. కింద ఐసు గడ్డలు నలగ్గొట్టే మిషను తిరుగుతుంటే మాట వినపడదు. మెట్ల మీద సగం దిగి, "ఆపండి బాబూ, విదేశం మాట్లాడాలి!" అని అరవడం ఆమె పని. కింద ట్రేలు మోసే వాళ్ళు "విదేశం వచ్చేసిందిరోయ్" అని నవ్వుకుంటూ మిషను ఆపేవాళ్ళు.

తర్వాత ఆమె అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ముందు ఇటువాళ్ళని, తర్వాత కంప్యూటర్లోకి వంగి అటువాళ్ళని: ఇవాళ ఏం కూర తిన్నారు? ఒక్కొక్కరూ చెప్పేదాకా మీటింగు మొదలయ్యేది కాదు. మా సార్ గడియారం చూసుకుంటూ నలిగిపోయేవారు.

"మామ్మా, పెళ్ళిచూపులకి కూడా ఇంత విచారణ చెయ్యరే," అనేవాడు సరంగు. "వాళ్ళు ఏం తింటే మనకేం?"

"తిన్నోళ్ళ మాట ఒకలా ఉంటదండి, తిననోళ్ళ మాట ఒకలా ఉంటదండి. ముందు తెలిస్తే దాన్ని బట్టి చెప్తానండి నేను."

దాన్ని బట్టి చెప్పడమంటే ఏమిటో అప్పుడు నేను ఆలోచించలేదు.

ఆమె తెలుగులో అండీలు, ఏవండీలు మనకంటే ఎక్కువే ఉండేవి. కానీ మగవాళ్ళనీ ఆడవాళ్ళనీ కలిపేసేది. "మా ఆయన లారీ దిగి వచ్చింది" అనేది. "అన్నేళ్ళు కాపరం చేసి మొగుణ్ణి ఆడదాన్ని చేసి పారేసింది" అని సరంగు అంటే అందరికంటే ముందు ఆమే నవ్వేది. పొట్ట పట్టుకుని, చప్పుడు లేకుండా. ఆమె ఉచ్చారణని డైరీలో ఉన్నదున్నట్టు రాయబోయాను ఒకసారి. చదువుకుంటే ఎగతాళి చేస్తున్నట్టుంది. కొట్టేశాను.

రెండు చేతులకీ తెల్లటి శంఖం గాజులుండేవి. మీటింగులో ఆమె కెమెరాకి కనపడకుండా పక్కకి జరిగి, చేతులు పైట కింద దాచుకుని కూర్చునేది. సిగ్గేమో అనుకున్నాను. తర్వాత ఒక పుస్తకంలో చదివాను. ఆ గాజులు వాళ్ళ వైపు భర్త ఉన్న ఆడవాళ్ళు వేసుకుంటారట, పోతే తీసేస్తారట. లారీ డ్రైవరు పోయి ఎన్నో ఏళ్ళయింది. నేను అడగలేదు. అడగడం నాకు చేతకాదు. కానీ నా చూపు ఆ చేతుల మీద ఆగడం ఆమె పట్టేసింది.

"ఇక్కడ ఈటి సంగతి ఎవరికీ తెలీదండి," అంది. "అక్కడ మా ఆయన పోయిన సంగతి ఎవరికీ తెలీదండి. మరి ఎవరి కోసం తియ్యాలండి?"

మా ఇంట్లో, మా చర్చిలో, మా ఊరు పెంటపాడు మొత్తం మీద అలా మాట్లాడే ముసలావిడ ఉంటుందని నేను ఊహించలేను. తప్పు చేస్తున్నానన్న తడబాటు ఆమె మొహంలో లేదు. వంకాయలు తరుగుతూ చెప్పింది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. ఏలూరులో పాత పుస్తకాలు అమ్మే చోట నాకొక బెంగాలీ స్వబోధిని దొరికింది. రోజూ రైల్లో అది చదివేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏదీ మాట్లాడు అంటారు. తెలుగులోనే మాట్లాడలేని దాన్ని. కొన్ని నెలలకి పత్రికలు కూడబలుక్కుని చదవగలిగాను. సినిమాలు చూస్తే సగం తెలిసేది. ఆమె మీటింగులో మాట్లాడేది మాత్రం యాస వల్ల చాలా వరకు అందేది కాదు. అందకపోవడమే బాగుండేదేమో. ఎందుకంటే అందిన రోజు నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఆ రోజు గదిలో ఇరవై మంది దాకా ఉన్నారు. ఎండ రేకుల మీద కాలుతోంది. మాట తెగిపోతోందని ఆమే బొమ్మ తీసెయ్యమంది. గొంతులే వినపడుతున్నాయి. విషయం ఒక్కటే: ఒకరి పడవలు ఒడ్డున కట్టి ఉన్నన్నాళ్ళూ రెండోవాళ్ళు హద్దు దగ్గరికి వెళ్ళకుండా ఉంటారా, లేదా? అది తేలకుండా మీటింగు ముగిస్తే, నిషేధం ఎత్తేశాక మళ్ళీ అక్కడే, మళ్ళీ కత్తులతోనే. ఆమె కొడుకు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

సరంగు లేచాడు.

"మనం ఒడ్డున ఆకలికి మాడుతుంటే వచ్చి దోచుకుపోయింది చాలక వలలు కోస్తారా? ఈసారి కనపడితే కోసేది వలలు కాదు, చేతులని చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు మామ్మా."

ఆమె పైట సవరించుకుని కంప్యూటర్లోకి వంగింది. నెమ్మదిగా, విడివిడిగా మాట్లాడింది. బహుశా లైను సరిగా లేదనే అంత నిదానంగా మాట్లాడి ఉంటుంది. అందుకే నాకు ప్రతి మాటా అర్థమైంది.

"ఈయన అంటున్నాడు బాబూ, మీ పడవలు కట్టి ఉన్నన్నాళ్ళూ మా పడవలు ఆ నీళ్ళలోకి రావు. పిల్లలు గలవాళ్ళం, పిల్లల మీద ఒట్టు అంటున్నాడు. మీరేమంటారు?"

నా బెంగాలీ తప్పేమో అనుకున్నాను. మళ్ళీ మనసులో అనుకుని చూశాను. తప్పు కాదు. చుట్టూ చూశాను. ఎవరికీ ఏమీ తెలియదు. సరంగు నడుం మీద చేతులు పెట్టుకుని తన బెదిరింపు ఎంత బాగా పనిచేసిందో వినడానికి నిలబడ్డాడు.

అవతలివాళ్ళ పెద్దాయన గొంతు పెద్దది. ఆయన ఒక్కో మాటా నొక్కి అరిచాడు, అదీ నాకు అందింది.

"ఇలాంటి తియ్యటి మాటలు చాలా విన్నాం. వాడి ఒట్టు వాడి దగ్గరే పెట్టుకోమను. ఈసారి వస్తే తిరిగి ఇంటికి పోయే పనుండదని చెప్పు."

ఆమె మా వైపు తిరిగింది. మొహంలో ఏమీ మారలేదు.

"ఆళ్ళే ముందంటున్నారండి. మీ పడవలు కట్టి ఉన్నప్పుడు మేం ఆ హద్దు దగ్గరికి రామూ, అంటున్నారండి. మీరేమంటారని అడుగుతున్నారండి."

"అంతలా అరిచి చెప్పింది అదా?" అన్నాడు సరంగు.

"సముద్రం పక్కన పుట్టినోళ్ళు కదండి. పెళ్ళి మాటలైనా అలాగే అరుస్తారండి."

గదిలో నవ్వులు లేచాయి. సరంగు నవ్వలేదు గాని, నడుం మీది చేతులు జారాయి. "వాళ్ళే ముందన్నారా?" అని మళ్ళీ అడిగాడు. వాళ్ళేనండి, అందామె. అతను కుర్చీలో కూర్చున్నాడు. తనతో తెచ్చుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియని మనిషిలా ఉన్నాడు.

"వాళ్ళు రాకపోతే మనకి మాత్రం అక్కడేం పని? సరేనని చెప్పు."

ఇది ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. లైను పోయిందనుకున్నాం. తర్వాత ఆ పెద్దాయన గొంతు, ఈసారి చిన్నగా, "సరేనన్నాడా? వాడేనా?" అంది. వాడే, అందామె. అయితే సరే, అన్నాడాయన.

మా సార్ లేచి చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ సాయంత్రం కైకలూరు వెళ్ళే ఆటో కోసం గట్టు మీద నిలబడితే ఆమె నాకు తోడొచ్చింది. ఒంటరిగా ఆడపిల్లని నిలబెట్టకూడదని ప్రతిసారీ వచ్చేది. ఎదురుగా నీళ్ళ మీద గుర్రపుడెక్క, దాని మీద కొంగలు. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. బెంగాలీలో, మొదటిసారి పైకి, "మీరు అబద్ధం చెప్పారు" అన్నాను.

ఆమె అదిరిపడింది. అంత పెద్దవైన కళ్ళు ఆమెకి నేనెప్పుడూ చూడలేదు. తర్వాత అన్నది ఇది.

"ఎవరు నేర్పారండి మీకు? అలా అనకూడదండి. నోరు ఇంకొంచెం గుండ్రంగా పెట్టాలి. మళ్ళా అనండి."

ఆ గట్టు మీద అబద్ధం అనే మాటని నా చేత మూడు నాలుగుసార్లు పలికించింది. సరిగ్గా వచ్చిందాకా వదల్లేదు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"తెలిస్తే ఏమవుతుందండి మామ్మగారూ?" అన్నాను తెలుగులో.

"తెలిస్తే నన్ను తిడతారండి. తిట్టనివ్వండి." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇటాయన చేతులు కోస్తానన్నాడు. అటాయన ఇంటికి పోనివ్వనన్నాడు. ఈళ్ళన్నది ఆళ్ళకి, ఆళ్ళన్నది ఈళ్ళకి నేను మోశాననుకోండి. బోట్ల మీదికి ఎక్కేది ఆ మాటలేనండి. మధ్యలో వల లాగుతా నిలబడేది ఎవరండి? నా కొడుకే కదండి."

ఆటో వస్తోందేమోనని నేను రోడ్డు వైపు చూశాను.

"మీరు చెప్పేస్తారాండి?" అని సూటిగా అడిగింది.

నేను తల అడ్డంగా ఊపాను. నాకు తెలియదు అని నా ఉద్దేశం. చెప్పను అని ఆమె అనుకుంది. నా చెంప నిమిరింది. చేతికి ఆవనూనె వాసన. ఆటో వచ్చేసింది.

ఆ ఏడు నేను ప్రతి రోజూ భయపడుతూ గడిపాను. ఆఫీసులో ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని. ఆమె కట్టిన మాట గాలిలో నిలబడి ఉందని తెలిసింది మా ఇద్దరికే. అది ఎప్పుడు కూలినా దాని కింద ఉండే మనుషులు అక్కడ, నడిసముద్రంలో. ఏమీ జరగలేదు. మన పడవలు హద్దు దగ్గరికి పోలేదు. వాళ్ళవి రాలేదు. కొడుకు వర్షాల్లో ఒకసారి ఇంటికొచ్చి, "ఇంజను ఆగిపోయి అటు కొట్టుకుపోతుంటే వాళ్ళ పడవ ఒకటి దగ్గరికొచ్చి మంచినీళ్ళ డబ్బా విసిరిందండి, వలలు ముట్టుకోలేదండి" అని చెప్పాడు. మామ్మగారు విని, అవునా నాయనా అంది. మాగాయ జాడీ మూత బిగించింది.

మరుసటి ఏడు మీటింగులో ఆమెకి అబద్ధం ఆడాల్సిన పనే పడలేదు. ముందు తగ్గింది అవతలివాడే అని రెండు వైపులా నమ్మకం. అందువల్ల రెండు వైపులా మర్యాద. సరంగు తనే "వాళ్ళ పిల్లలు బాగున్నారా అడుగు" అన్నాడు. ఆమె ఒకరు అన్నది ఒకరికి అప్పగిస్తూ, మధ్యలో ఆవులిస్తూ కూర్చుంది. బయటికొచ్చాక నాతో "ఈ ఏడు నాకిచ్చే కూలి దండగేనండి మీకు" అంది.

ఇదిగో, ఈ ఏడు.

గురువారం కొత్త దుబాసీ వచ్చాడు. కలకత్తాలో పుట్టి, భీమవరంలో పెరిగిన కుర్రాడు. మంచివాడు. ఎవరు ఏమంటే అది, మధ్యలో తడబాటుతో సహా అప్పజెప్పే రకం. మాట తెగకుండా కొత్త లైను కూడా వేశారు. గోడ మీద తెర పెట్టి బొమ్మ వేశారు. అవతలి పెద్దాయన కళ్ళజోడుతో, నెరిసిన గడ్డంతో కూర్చుని ఉన్నాడు. కంప్యూటర్లో ఎప్పుడూ మసక బొమ్మే గనక, ఇన్నాళ్ళూ వింటున్న ఆ గొంతు అంత బక్కపలచటి మనిషిదని నేననుకోలేదు. మామ్మగారి కొడుకు గడ్డంతో, చెప్పులు లేకుండా వచ్చి ఒక మూల కూర్చున్నాడు.

పెద్దాయన ముందు ఆమె గురించే మాట్లాడాడు. కుర్రాడు తెలుగులో చెబుతున్నాడు. "ఆమె మా వైపు ఆడపడుచు. విన్నాక మా ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. మీ సరంగు గారికి ఒక మాట చెప్పాలి. ఆ మొదటి ఏడు మీరే పెద్దమనసుతో ముందు మాటిచ్చారు. పిల్లల మీద ఒట్టేశారు. అందుకే మేం సరేనన్నాం. లేకపోతే ఆ రోజు నేను ఒప్పుకునేవాణ్ణి కాదు."

సరంగు మొహం ఖాళీ అయింది.

"నేనా? ముందు మాటిచ్చింది వాళ్ళు గదా."

కుర్రాడు అదీ చెప్పాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. లేదు, అన్నాడు. ఆ రోజు నేను మిమ్మల్ని తిట్టనివి బూతులొక్కటే, అన్నాడు.

గదిలో ఒక్కసారి ఎవరో మొత్తినట్టయింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక నుంచి ఒకతను, "అయితే ముసల్ది రెండు వైపులా ఎర్రోళ్ళని చేసిందా మనల్ని?" అన్నాడు. ఇంకొకరు, "ఒట్టు కూడా వేయించిందంట, పిల్లల మీద!" అన్నారు. తెర మీద వాళ్ళూ గట్టిగా మాట్లాడుకుంటున్నారు. మా సార్ నీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండా పట్టుకున్నారు. కొడుకు మూల నుంచి లేవలేదు. తల్లిని మట్టి చేసి వారం కాలేదు.

సరంగు నా వైపు తిరిగాడు.

"అమ్మాయిగారూ, ఆ రోజు మీరున్నారు గదండి. మీరు చెప్పండి. ఎవరు ముందన్నారు?"

నేను లేచి నిలబడ్డాను. ఇరవై జతల కళ్ళు, తెర మీద ఇంకొన్ని. ఏదో ఒక వైపు పేరు చెప్పేస్తే అయిపోతుందని తెలుసు. అవతలివాళ్ళని చెబితే వాళ్ళు అబద్ధాలకోరులవుతారు. సరంగుని చెబితే అతను. ఇంక ఈ గదిలో ఎవరూ ఎవరి మాటా నమ్మరు. పడవలు దిగే రోజు ఎంతో దూరం లేదు.

"ఎవరూ అనలేదండి," అన్నాను.

నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పాను. "మీరు చేతులు కోస్తామన్నారండి. ఆయన తిరిగి ఇంటికి పోనివ్వనన్నారండి. నాకు బెంగాలీ వచ్చండి, విన్నాను. ఆవిడ ఆ రెండూ చెప్పలేదండి. మీరు రామన్నారని అటు చెప్పారు. వాళ్ళు రామన్నారని ఇటు చెప్పారు."

కుర్రాడు నన్ను చూసి, "ఇది కూడా చెప్పాలా మేడమ్?" అని మెల్లగా అడిగాడు. చెప్పండి అన్నాను. చెప్పాడు. తెర మీద పెద్దాయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అప్పుడు మూల నుంచి కొడుకు మాట్లాడాడు. ఎవరి వైపూ చూడలేదు.

"అయితే ముందు మాటిచ్చింది మా అమ్మన్నమాట."

దాన్ని అనువదించమని ఎవరూ అనలేదు. కుర్రాడే చెప్పేశాడు. ఎర్రోళ్ళని చేసిందన్నతను తల దించుకుని గోళ్ళు చూసుకుంటున్నాడు. సరంగు రెండు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎంత సేపో. ఈ గదిలో మాట మొదలుపెట్టేది ఎప్పుడూ ఒకరే అని, ఆ మనిషి లేకపోతే ఇంతమంది మగవాళ్ళు ఇలా కూర్చుండిపోతారని నాకు అప్పుడే తెలిసింది. నేను భయపడుతున్నాను. చేతులారా నేనే పాడుచేశానేమో అని.

సరంగు గొంతు సవరించుకున్నాడు.

"బాబూ, ఇది నేనన్నది అన్నట్టు చెప్పు. ఒక్క మాట కూడా బాగుచెయ్యొద్దు. మీ పడవలు కట్టి ఉన్నన్నాళ్ళూ మేం ఆ నీళ్ళల్లోకి రాం. ఒట్టూ గిట్టూ లేదు. నేనంటున్నాను, అంతే."

కుర్రాడు చెప్పాడు. బాగుచెయ్యలేదు. నాకు ప్రతి మాటా తెలిసింది.

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని మా గదిలోకి చూశాడు. పక్కనున్న వాళ్ళతో ఏదో మాట్లాడాడు. మళ్ళీ ఇటు తిరిగి చెప్పింది కుర్రాడు తెలుగులో అన్నాడు.

"విన్నాం. మీ మాట మీదేనని ఈసారి తెలిసింది. మా వాళ్ళనందర్నీ అడిగి చెప్పడానికి నాకు రేపటి దాకా టైం కావాలి. ఆమె ఉండుంటే ఈపాటికి ఒప్పేసుకుని ఉండేవాళ్ళం."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. కొడుకు కత్తి దిగిన మోచేతిని రెండో చేత్తో పట్టుకుని తెర వైపే చూస్తున్నాడు. సరంగు అతన్ని ఒకసారి చూశాడు.

"ఆగుతామని చెప్పు," అన్నాడు.